మీ అప్పుల చరిత్ర ఎవరు రాస్తున్నారు?

(విజయవాడ వన్‌టౌన్‌లో వ్యాపారులు, ఉద్యోగులు, పొదుపు సంఘాల మహిళల కోసం ఏర్పాటైన ఒక సమావేశంలో విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి ఎత్తి రాసినది. చివర సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

క్రెడిట్ స్కోరు, అంటే అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు చూసే అంకె, దాన్ని పెంచుకోవడం ఎలా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. బయట అంటించిన కాగితంలోనూ అదే ఉంది. ఆ చిట్కాలు కావాలంటే మీ ఫోనులో రోజుకు పది వీడియోలు వస్తాయి, వాటికి నేను పోటీ రాలేను. నేను ఆ స్కోరు పుట్టే కాగితం గురించి మాట్లాడతాను. దాన్ని క్రెడిట్ రిపోర్టు అంటారు. అప్పులు మంజూరు చేసే కుర్చీలో చాలా ఏళ్లు కూర్చున్నవాడిని. అప్పు కోసం వచ్చే మనిషికి తన స్కోరు నోటికి వచ్చి ఉంటుంది. "ఏడు వందల పది సార్" అని ఠక్కున చెబుతారు. ఆ పది ఎందుకు అరవై కాలేదని అడిగితే భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రిపోర్టు తెప్పించుకుని చదివినవాళ్లు చాలా తక్కువ.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన దగ్గర "ఫలానావాడి పేరు సిబిల్‌లో పడింది" అంటారు. ఏదో స్టేషన్‌లో పేరెక్కినట్టు! అప్పు ఎగ్గొట్టినవాళ్ల జాబితా ఏదో ఒక చోట వేలాడుతూ ఉంటుందని, అందులో మన పేరు లేకపోతే చాలునని అనుకుంటారు. అటువంటి జాబితా కాదది. బ్యాంకులోనో ఫైనాన్స్ కంపెనీలోనో ఒక్క అప్పు తీసుకున్నా, దాన్ని ఒక్క రోజు ఆలస్యం లేకుండా కట్టినా, మీ పేరు అందులో ఉంటుంది. ఉండాలి కూడా. బాగా కట్టినవాడి చరిత్ర, కట్టనివాడి చరిత్ర రెండూ అక్కడే ఉంటాయి. అప్పు ఇవ్వాలా వద్దా అని సిబిల్ చెప్పదు. ఆ నిర్ణయం బ్యాంకుదే. మా బ్యాంకు వాళ్లకు "సిబిల్ ఒప్పుకోలేదండీ" అని చెప్పడం తేలిక, ఎందుకంటే అక్కడితో సంభాషణ ముగుస్తుంది. ఇకమీదట ఎవరైనా అలా అంటే, రిపోర్టులో ఏ ఖాతా వల్ల అని ఎదురు అడగండి.

సిబిల్ అనేది ఈ రిపోర్టులు తయారుచేసే ఒక కంపెనీ పేరు. 2000లో మొదలైంది. ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్ అంటున్నారు. దేశంలో ఇలాంటివి నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. వీటికోసం 2005లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఇస్తుంది, అజమాయిషీ చేస్తుంది. అప్పులిచ్చే సంస్థలు ఈ నాలుగింటిలోనూ సభ్యులుగా చేరాలని 2015లో ఆదేశించింది. ఇదివరకు నెలకొకసారి సమాచారం పంపేవాళ్లు. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మీ గురించి ఆ కంపెనీలో రాసేది మీరు కాదు, ఆ కంపెనీ కూడా కాదు. మీకు అప్పిచ్చినవాడు రాస్తాడు. అతను పంపిన లెక్కను వాళ్లు భద్రపరుస్తారు, అడిగిన సభ్యులకు ఇస్తారు. వన్‌టౌన్‌లో వస్త్రాల వ్యాపారం చేసే పెద్దలకు ఇది చెప్పనక్కరలేదు. ప్రోనోటు మీద అప్పు తెచ్చినప్పుడు, కొంత కట్టగానే నోటు వెనక చెల్లు రాయించుకునేవాళ్లు. మొత్తం తీరిపోతే నోటు వెనక్కి తీసుకుని అక్కడికక్కడే చింపేవాళ్లు. డబ్బు కట్టి నోటు వాళ్ల దగ్గరే వదిలేసి వచ్చిన వ్యాపారి ఈ బజారులో ఒక్కడు ఉంటాడా? ఉండడు. అదే మనిషి బ్యాంకు అప్పు తీర్చేసి, ఖాతా మూసేశారా, చెల్లు ఎక్కిందా అని చూసుకోకుండా ఇంటికి వెళ్లిపోతాడు. బ్యాంకు పెద్దది కదా, అదే చూసుకుంటుందిలే అనుకుంటాడు. చివరి వాయిదా మీద నలభై రూపాయల వడ్డీ మిగిలిపోయి, ఖాతా మూతపడక, ఏళ్ల తరబడి బకాయిగా కనిపిస్తున్న రిపోర్టులు నేను చూశాను. మొత్తం తీర్చాక బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి. ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే దస్తావేజులు ముప్పై రోజుల్లో తిరిగి ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు ఐదు వేల రూపాయలు మీకివ్వాలి. 2023 డిసెంబరు నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. ఇది చాలామందికి తెలియదు.

ఇప్పుడు మన జిల్లా సంగతికి వస్తాను. ఈ వెనక వరుసలో సంఘాల అక్కచెల్లెళ్లు కూర్చున్నారు కాబట్టి ఇది చెప్పాలి. 2006లో అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల మీద, అంటే పేద కుటుంబాలకు చిన్నచిన్న అప్పులిచ్చే సంస్థల మీద, పెద్ద గొడవ జరిగింది. వడ్డీల గురించి, వసూలు చేసే తీరు గురించి ఫిర్యాదులు వచ్చి, జిల్లా యంత్రాంగం కొన్ని సంస్థల శాఖలను మూయించింది. నాలుగేళ్లకు, 2010 అక్టోబరులో, రాష్ట్ర ప్రభుత్వం వాటిని కట్టడి చేస్తూ ఏకంగా ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు దాదాపు ఆగిపోయాయి, దేశమంతా ఆంధ్ర వైపు చూసింది. దాని మీదే రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీని వేసింది.

అప్పుడు బయటపడిన విషయాల్లో ఒకటి: ఒకే ఇంటి ఆడమనిషికి సోమవారం ఒక సంస్థ, మంగళవారం ఇంకో సంస్థ, బుధవారం మరొకటి అప్పిచ్చాయి. ఒకరిచ్చిన సంగతి ఇంకొకరికి తెలియదు, తెలుసుకునే ఏర్పాటూ లేదు. కొందరికి తెలిసినా పట్టలేదనుకోండి, అది వేరే కథ. ఒక అప్పు వాయిదా కట్టడానికి రెండో అప్పు, రెండోదానికి మూడోది. ఆ కమిటీ చెప్పినవాటిలో, సూక్ష్మరుణాల సమాచారం కూడా ఇలాంటి కంపెనీల్లో నమోదు కావాలన్నది ఒకటి. ఇవాళ సూక్ష్మరుణం ఇచ్చే ముందు ఆ కుటుంబానికి ఇప్పటికే ఎంత అప్పుందో రిపోర్టులో చూడాలి. 2022 నుంచి నిబంధన ఏమిటంటే, కుటుంబం నెలనెలా కట్టాల్సిన వాయిదాలన్నీ కలిపి నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. కాబట్టి క్రెడిట్ రిపోర్టు అంటే ఉద్యోగస్తులకు, ఇళ్లు కొనేవాళ్లకు సంబంధించినదని అనుకోకండి. అది ఇంత మారుమూల దాకా రావడానికి కారణమైన గొడవ జరిగింది మన జిల్లాలో, మన రాష్ట్రంలోనే.

డ్వాక్రా సంఘాల విషయం కొంచెం వేరు. అక్కడ అప్పు సంఘం పేరు మీద ఉంటుంది. కానీ సంఘం లెక్కతో పాటు సభ్యురాళ్ల వారీ సమాచారం కూడా పంపాలని 2016లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అంటే సంఘంలో పదిమంది ఉండి ఒకరిద్దరు కట్టకపోతే ఆ సంగతి సంఘం పుస్తకంలోనే ఆగిపోదు. తీర్మానం పుస్తకంలో ఎవరికి ఎంత పంచారో రాసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయండమ్మా. తీసుకోని అప్పు మీ పేరు మీద రాస్తే, కట్టని పేరు కూడా మీకే వస్తుంది.

సరే, రిపోర్టు చేతికి వచ్చిందనుకుందాం. ఏం చూడాలి?

మొదటి పేజీలో పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు, చిరునామాలు, ఫోను నంబర్లు ఉంటాయి. ఇక్కడేముందిలే అని తిప్పేస్తారు. మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ హాలులో శ్రీనివాసరావు అని పిలిస్తే ఎంతమంది లేస్తారు? (నవ్వులు) లేచినవాళ్లలో ఇద్దరికైనా ఇంటిపేరు మొదటి అక్షరం ఒకటే అవుతుంది. ఇక పుట్టిన తేదీలంటారా, మా కాలంలో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు రాసిందే తేదీ. జూన్ ఒకటి, జూలై ఒకటి అని సగం తరగతి ఒకే రోజు పుట్టేది! కంప్యూటర్ పేరు, తేదీ, ఊరు కలిపి చూసి, ఇద్దరినీ ఒకే మనిషి అనుకుంటే తప్పు దానిదనలేం. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. పాన్ ఉన్నచోట ఈ గందరగోళం తక్కువ. కానీ పాన్ లేకుండా ఇచ్చిన పాత అప్పులు, చిన్న అప్పులు ఇంకా ఉన్నాయి. మీ రిపోర్టులో మీరెన్నడూ ఉండని ఊరి చిరునామా కనిపించిందంటే ఆ ఒక్క గీత చాలు, మిగతా పేజీలు అనుమానంగా చదవడానికి.

తరువాత ఖాతాలు. ప్రతి అప్పుకు ఒక పెట్టె. ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎంత, ఇంకా ఎంత ఉంది. కింద నెలల వారీగా చిన్న గళ్లు, మూడేళ్ల చరిత్ర. ఆ గడిలో సున్నాలుంటే ఆ నెల సక్రమంగా కట్టారని. 30 అని ఉంటే ముప్పై రోజులు మీరిందని. తొంభై దాటితే బ్యాంకు దృష్టిలో అది మొండిబాకీ అవుతుంది. పంటరుణాలకు మాత్రం లెక్క పంటకాలాల మీద నడుస్తుంది. నేను అప్పు దరఖాస్తు చూసేటప్పుడు స్కోరు కంటే ముందు ఈ గళ్లు చూసేవాడిని. మూడేళ్ల కింద వరుసగా నాలుగు నెలలు తప్పి, ఆ తరువాత ఒక్కటీ తప్పకపోతే, ఆ ఇంట్లో అప్పుడేదో కష్టం వచ్చి తేరుకున్నారని అర్థం. ప్రతి నెలా ఐదు రోజులు, పది రోజులు ఆలస్యమైతే అది కష్టం కాదు, అలవాటు. ఇద్దరి స్కోరూ దగ్గరదగ్గరగానే ఉండవచ్చు. అప్పు ఎవరికివ్వాలో నాకు సందేహం ఉండేది కాదు.

ఖాతా స్థితి అని ఒక గడి ఉంటుంది. అక్కడ "క్లోజ్డ్" అని ఉంటే పూర్తిగా తీరిందని. "సెటిల్డ్" అని ఉంటే జాగ్రత్త. లక్ష రూపాయల బాకీకి ఏజెంటు ఫోను చేసి, నలభై వేలు కట్టండి, వదిలేస్తాం అంటాడు. మీరు సంతోషంగా కడతారు. పీడ విరగడైంది, ఫోన్లు ఆగిపోతాయి, మిఠాయి కూడా పంచుతారు. కానీ రిపోర్టులో ఎక్కేది, ఈ మనిషి మొత్తం కట్టలేదు, కొంత మేం వదులుకున్నాం అని. తరువాత ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు ఆ మాట ముందుకు వస్తుంది. నిజంగా గతిలేనప్పుడు రాజీ తప్పు కాదు, బాకీ పెరిగిపోతూ ఉండటం కంటే మేలే. చేతిలో డబ్బు ఉండి, బేరం కుదిరింది కదా అని చేసుకునే రాజీ మాత్రం ఖరీదైన బేరం. అలాగే "రిటెన్ ఆఫ్" అంటే మాఫీ అనుకుంటారు. కాదు. బ్యాంకు తన లెక్కల్లో దాన్ని పక్కన పెట్టిందంతే. మీరివ్వాల్సింది అలాగే ఉంటుంది, వసూలుకు వస్తారు కూడా.

మాఫీ అన్నాను కాబట్టి ఒక మాట. 2014లో రాష్ట్రంలో రుణమాఫీ ప్రకటించాక డబ్బు విడతలవారీగా వచ్చింది. రాజకీయం నాకొద్దు. ప్రభుత్వం కడుతుందని ఎదురుచూస్తూ ఆగినా, డబ్బు లేక ఆగినా, అహంకారంతో ఆగినా రిపోర్టులోని ఆ గడికి కారణం తెలియదు. రోజులు మాత్రమే తెలుసు. మొన్న 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు కూడా అంతే. ప్రకృతి విపత్తు వచ్చినప్పుడు వాయిదాలు సవరించుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే వీలుంది. అలా సవరించిన అప్పును విపత్తు వల్ల సవరించినదిగా విడిగా చూపించే పద్ధతీ ఉంది. కానీ బ్యాంకుకు వెళ్లి, కాగితం రాసి, సంతకం పెట్టి చేయించుకోవాలి. ఇంట్లో నీళ్లున్నప్పుడు బ్యాంకు ఎవరికి గుర్తుంటుంది అంటారు. నిజమే. అయినా నీళ్లు తీశాక రెండో వారంలోనైనా వెళ్లాలి. ఊరికే కట్టడం ఆపినవాడికీ, అడిగి ఆపినవాడికీ ఆ కాగితంలో చాలా తేడా ఉంటుంది.

ఇక హామీ సంతకం. ఇది మన ప్రాంతపు జబ్బు. బావమరిది లారీ కొంటున్నాడు, ఆటోనగర్‌లో బాడీ కట్టిస్తున్నాడు, ఫైనాన్స్ వాళ్లు ష్యూరిటీ అడిగారు, ఒక్క సంతకం పెట్టు బావా అంటాడు. కాదంటే ఇంట్లో రెండు పూటలా వంట ఉండదు. (నవ్వులు) సంతకం పెడతారు, మరచిపోతారు. ఆ అప్పు మీ రిపోర్టులో కూడా ఉంటుంది, హామీదారు అని రాసి ఉంటుంది. బావమరిది మూడు వాయిదాలు తప్పితే ఆ మచ్చ మీ కాగితం మీదికీ వస్తుంది. చట్టం ఇంకా నిక్కచ్చిగా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం హామీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతణ్ణి అడిగి, రాకపోతేనే నా దగ్గరికి రావాలి అనడానికి వీల్లేదు. సంతకం పెట్టవద్దని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు. పెట్టే ముందు, ఈ అప్పు నేనే కట్టవలసి వస్తే కట్టగలనా అని లెక్క వేసుకోండి. పెట్టాక ఏడాదికొకసారైనా రిపోర్టులో ఆ గళ్లు చూడండి. బావమరిది చెప్పని సంగతి అది చెబుతుంది.

ఆఖర్న విచారణలు. మీ రిపోర్టు ఎవరెవరు, ఎప్పుడు తీసి చూశారో ఉంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గర షోరూముకు కారు చూడటానికి వెళ్తారు. అక్కడి కుర్రవాడు మీ పాన్ తీసుకుని, ఎక్కడ తక్కువ వడ్డీకి వస్తుందో చూస్తాను సార్ అని నాలుగైదు చోట్లకు పంపుతాడు. నాలుగైదు విచారణలు నమోదవుతాయి. కొద్ది రోజుల్లో అన్ని చోట్ల అడిగాడంటే ఏదో ఇబ్బందిలో ఉన్నాడని తరువాతి బ్యాంకు అనుకుంటుంది. స్కోరు కొంత తగ్గుతుంది. మీ రిపోర్టు మీరే చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు. ఈ భయంతోనే చాలామంది చూసుకోరు.

స్కోరు గురించి రెండు నిమిషాలు. 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఇంతకుముందు చెప్పినవన్నీ కలిపి లెక్క కడతారు. సూత్రం పూర్తిగా బయటపెట్టరు, నాలుగు కంపెనీల లెక్కా ఒకేలా ఉండదు. అందుకే ఒకచోట 760, మరోచోట 735 అని వస్తే కంగారు పడకండి. వాయిదాలు సకాలంలో కట్టడం అన్నిటికంటే ముఖ్యం. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు పరిమితి అంచు దాకా వాడితే, నెలనెలా మొత్తం కట్టేసినా, బిల్లు వేసిన రోజున బాకీ పెద్దదిగా కనిపిస్తుంది. పరిమితిలో మూడో వంతు లోపు ఉంచుకుంటే మంచిదని అంటారు. కార్డు బిల్లులో "కనీస మొత్తం" అని చిన్నదొకటి చూపిస్తారు చూడండి, అది కడితే రిపోర్టులో మచ్చ పడదు కానీ మిగిలినదాని మీద వడ్డీ మిమ్మల్ని తినేస్తుంది. రిపోర్టు బాగున్నంత మాత్రాన అప్పు మంచిదైపోదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు తప్పుంటే ఏం చేయాలి? ముందు రిపోర్టు తెచ్చుకోవాలి. నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఇది మన హక్కు. వాళ్ల వెబ్‌సైట్‌లోకి వెళితే నెలకింత అని ప్యాకేజీలు పెద్ద అక్షరాలతో ముందు కనిపిస్తాయి. ఉచితం ఎక్కడో చిన్న అక్షరాలతో మూలన ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. అందులో తప్పు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రిపోర్టు మీద ఉండే నంబరు రాసిపెట్టుకోండి, దానితోనే పని. అయితే ఇంతకుముందు చెప్పింది గుర్తుంచుకోండి: రాసినవాడు బ్యాంకు. బ్యాంకు ఒప్పుకుంటే తప్ప ఆ కంపెనీ తనంతట తాను దిద్దదు. కాబట్టి ఫిర్యాదు రెండు చోట్లా ఇవ్వండి. కట్టిన రసీదులు, బాకీ లేదన్న పత్రం జతచేయండి, అందినట్టు తేదీతో రుజువు తీసుకోండి.

ఆ తేదీకి విలువుంది. ఫిర్యాదు ఇచ్చిన ముప్పై రోజుల్లో తేలకపోతే, ఆ తరువాత గడిచే ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ ముప్పైలో ఇరవై ఒక్క రోజులు బ్యాంకువి. ఆలోపు అది సవరించిన సమాచారం పంపకపోతే పరిహారం బ్యాంకు మీద పడుతుంది, పంపినా కంపెనీ దిద్దకపోతే కంపెనీ మీద పడుతుంది. దిద్దడం కుదరదంటే ఎందుకు కుదరదో మీకు చెప్పాలి. వంద రూపాయలు ఏ మూలకు అనకండి. డబ్బు కంటే, ఎవరి బల్ల మీద ఫైలు ఆగిందో చెప్పక తప్పని స్థితి రావడం పెద్ద విషయం. లోపల పనిచేసినవాణ్ణి, నాకు తెలుసు. అప్పటికీ కాకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది. ఈ కంపెనీలను కూడా 2022లో దాని పరిధిలోకి తెచ్చారు. ఫిర్యాదు ఉచితం, వకీలు అక్కరలేదు. 14448కి ఫోను చేసి ఎలా ఇవ్వాలో తెలుగులో అడగవచ్చు.

మధ్యలో కొందరు తగులుతారు, డబ్బిస్తే నెలలో రిపోర్టు శుభ్రం చేస్తాం అని. నిజమైన బకాయిని చెరిపే దారి ఎవరి దగ్గరా లేదు. తప్పుడు బకాయిని చెరిపించడానికి వాళ్లు అవసరం లేదు. పైగా మీ పాన్, మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ వాళ్ల చేతిలో పెడుతున్నారు. దానితో వాళ్లు ఇంకేం అప్పులు తీస్తారో మళ్లీ రిపోర్టులోనే చూసుకోవాలి.

ఇక ప్రశ్నలు.

(గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకరు: ముప్పై ఏళ్లుగా నోటిమాట మీద లక్షల వ్యవహారం చేస్తున్నాం, ఒక్కరికీ పైసా ఎగ్గొట్టలేదు. బ్యాంకుకు వెళితే చరిత్ర లేదన్నారు. ఇదేం న్యాయం?)

న్యాయం కాదండీ. యార్డులో కమీషన్ వ్యాపారి రైతుకిచ్చే పెట్టుబడి, చేబదుళ్లు, ప్రోనోట్లు, ఇరుగుపొరుగు వేసుకునే చీటీలు, వీటిలో ఏదీ ఆ కాగితంలోకి రాదు. మీ పరపతి యార్డులో అందరికీ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. అలాంటివాళ్లకు స్కోరు ఉండాల్సిన చోట చరిత్ర లేదనో, మైనస్ ఒకటి అనో వస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు 2025 నిర్దేశాల్లో ఉంది. ఆ మాట మేనేజరుతో మర్యాదగా అనండి. మీ జీఎస్టీ కాగితాలు, ఖాతా లావాదేవీలు తీసుకెళ్లండి. వెంటనే కాకపోతే, మీ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకుని పెట్రోలుకు మాత్రం వాడి నెలనెలా పూర్తిగా కడుతూ ఉండండి, చరిత్ర మొదలవుతుంది. స్కోరు కోసమని అక్కరలేని అప్పు మాత్రం చేయకండి.

(ఒక మహిళ: మా అబ్బాయి ఫోనులో ఏదో యాప్‌లో మూడు వేలు తీసుకున్నాడు. అదీ వస్తుందా?)

వస్తుందమ్మా. రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న సంస్థ తరఫున ఇచ్చిన అప్పయితే మూడు వేలైనా ముప్పై లక్షలైనా ఒక పెట్టె, మూడేళ్ల గళ్లు ఒకటే. ఇప్పుడు కొని తరువాత కట్టండి అంటారే, వాటిలో చాలావరకు ఇలాంటి అప్పులే. గుర్తింపు లేని యాప్ అయితే రిపోర్టులో రాదు కానీ ఇంటి మీదికి వస్తుంది, అది ఇంకా ప్రమాదం. అబ్బాయి రిపోర్టు వాడి చేతనే తీయించి, పక్కన కూర్చుని చదవండి. తిట్టకండి, తిడితే రెండోసారి చూపించడు.

(పటమట నుంచి వచ్చిన విశ్రాంత ఉద్యోగి: మా అమ్మాయి ఎంఎస్ కోసం అమెరికా వెళ్లింది. విద్యారుణంలో నేను సహదరఖాస్తుదారుణ్ణి. తనకింకా ఉద్యోగం రాలేదు.)

ఈ హాలులో ఈ ప్రశ్న ఇంకా చాలామంది మనసులో ఉండి ఉంటుంది, మీరు అడిగారు, సంతోషం. ఆ అప్పు ఆవిడ రిపోర్టులోనూ మీ రిపోర్టులోనూ ఉంటుంది. అక్కడ ఆవిడకు ఇక్కడి స్కోరు పనికిరాదు, అమెరికాలో కొత్తగా మొదలుపెట్టాలి. వాళ్ల లెక్క వేరు, 850 దాకానే ఉంటుంది. కాబట్టి ఇక్కడ వాయిదా తప్పితే ఆ దెబ్బ ముందు తెలిసేది మీకు. చదువు అయ్యాక కొంత గడువిచ్చి వాయిదాలు మొదలుపెడతారు. అది ఏ నెలలో అన్నది మీ మంజూరు పత్రంలో ఉంటుంది. ఈ రాత్రి బీరువాలోంచి తీసి చూడండి. ఆ నెల దగ్గర పడుతున్నా ఉద్యోగం రాకపోతే, మొదటి వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగండి. తప్పాక వెళితే మీరు బకాయిదారుగా మాట్లాడాలి. ముందే వెళితే ఖాతాదారుగా మాట్లాడవచ్చు. దరఖాస్తు రాయడంలో సాయం కావాలంటే మంజూరు పత్రం నకలు తీసుకుని రేపు ఉదయం ఇక్కడికే రండి, నేను ఉంటాను.